ద్వారబంధానికి మొలిచిన చెవి

పోయిన నెల నా పేజీ ఎందుకు రాలేదని ఇద్దరు ముగ్గురు అడిగినారంట. ఒంట్లో బాగాలేదు, అంతే. వానాకాలం వస్తే నా రొమ్ము గోల చేస్తుంది. ఆ సంగతి కూడా ఈసారి చెప్పాల్సి ఉంది, అయితే ముందు పుట్టగొడుగు సంగతి.

కోవిల్‌పట్టిలో మా ఇంటి పెరటి తలుపుకి వేపమాను ద్వారబంధం. నేను మిల్లులో పర్మనెంటు అయిన ఏడు చేయించింది. దాని పక్కనే స్నానం చేసే చోటు. అన్నేళ్ళుగా నీళ్ళు ఆ మాను కాలికి తగులుతానే ఉన్నాయి. మొన్న వానలు నిలిచినాక చూస్తే, నేల నుంచి జానెడు ఎత్తులో ఒక చెవి మొలిచి ఉంది. నిజంగా మనిషి చెవి మాదిరే, అంచు తెల్లగా, మిగతాది గోధుమరంగు. నొక్కితే మెత్తగా లేదు, పాత చెప్పు అడుగు మాదిరి గట్టి. దాని కింద మానుని గోరుతో గీకినాను. పీచు పీచుగా, తెల్లగా ఊడి వచ్చింది. కార్డింగ్ మిషను కింద పడే వేస్టు చూసినవాళ్ళకి ఆ రూపం తెలుసు.

అదే వారం విరుదునగర్ నుంచి మనవరాలు ఫోను చేసింది. ఏడో తరగతి. బడిలో టీచరమ్మ ఒక పని ఇచ్చిందంట: చెట్టూ చేమా కాకూడదు, లేచి నడిచేది కాకూడదు, అట్లాంటి రెండు ప్రాణులని తెచ్చి పోల్చి రాయాలి. "తాతా, అట్లాంటివి యాడుంటాయి?" అనింది. "ఒకటి మన పెరటి తలుపులో ఉండాది పాపా, తెస్తాను" అన్నాను. రెండోది మా అల్లుడు తెచ్చినాడు. వాళ్ళ కాలనీ వెనక కమ్మాయి ఈసారి నిండింది. బురదలో చెయ్యి పెట్టి రెండు ఆల్చిప్పలు తీసి, చెంబులో నీళ్ళు పోసి పెట్టినాడు.

చెవిని టిఫిన్ డబ్బాలో పెట్టుకొని శనివారం పాసింజరు రైలు ఎక్కినాను. సాత్తూరు దాటేదాకా ఎదురు సీటాయన డబ్బా వైపే చూసినాడు. చివరికి "ఏమి కర్రీ అన్నా?" అన్నాడు. తెరిచి చూపించినాను. ఇంక మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రెండూ ఎట్లా బతుకుతాయి అనేది. పాప పుస్తకంలో కొంత ఉంది, కొంత లైబ్రరీ నుంచి వాళ్ళ నాయన తెచ్చినాడు, కొంత నా మిల్లు తెలివి కలిపినాను.

మనకి కనిపించే చెవి పుట్టగొడుగు కాయ మాత్రమే. అసలు ప్రాణి మాను లోపల ఉంది, దారాలు దారాలుగా. పత్తి పోగు మందం పదిహేను మైక్రాన్ల దగ్గర ఉంటుంది, మైక్రొనేర్ చూసిన మనవాళ్ళకి నేను చెప్పక్కరలేదు. ఈ బూజు దారం చాలావరకు రెండు నుంచి పది మైక్రాన్లే. అంటే మనం ఏ కౌంటుకీ వడకలేని సన్నం. స్పిండిల్ లేదు, ట్రావెలర్ లేదు, కొసన పెరుగుతా పోతుంది, చీలుతా పోతుంది. ఆ కొస నుంచి ఒక రసం వదుల్తుంది. ఆ రసం మానుని కరిగిస్తుంది. కరిగినదాన్ని దారం పీల్చుకుంటుంది. మనం నోట్లో వేసుకొని కడుపులో అరిగించుకుంటాం కదా, దీనికి కడుపు బయట ఉంది. వంట చేసిన చోటే పడుకొని తినేవాళ్ళ మాదిరి.

మానులో ముఖ్యంగా రెండు సరుకులు. ఒకటి సెల్యులోజు. మన పత్తి దాదాపు అంతా అదే. రెండోది లిగ్నిను, ఆ పోగుల మధ్య గట్టిగా పట్టుకొని ఉండే జిగురు అనుకోండి. కొన్ని పుట్టగొడుగులు సెల్యులోజు తినేసి జిగురు వదిలేస్తాయి. అప్పుడు మాను గోధుమరంగుకి తిరిగి, ఎండిన కమ్మాయి అడుగు మాదిరి గడులు గడులుగా పగుల్తుంది. కొన్ని జిగురుని కూడా తింటాయి. అప్పుడు మాను తెల్లబడి పీచు అవుతుంది. నా తలుపుది ఈ రెండో రకం.

పత్తిని తినే బూజు అంటే మనకి పగవాడు. గోడౌనులో బేలు తడిస్తే ఏమౌతుందో తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఇదే తలనొప్పి వచ్చింది. పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులని ఉన్నాయి, అక్కడ వానకి సిపాయిల కాటన్ గుడారాలు, బట్టలు కుళ్ళిపోయినాయి. దేని వల్ల అని వెతికితే ఒక బూజు దొరికింది. దాని రసం మీద పనిచేసిన ఎల్విన్ రీస్ పేరుతో దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టినారు. తమాషా ఏమంటే, గుడారం తిన్న ఆ దొంగ రసాన్నే ఇప్పుడు కూలికి పెట్టుకున్నారు. బట్ట మీద లేచే నూగుని నున్నగా చెయ్యడానికి, జీన్సు ప్యాంటుకి పాతబడిన రంగు తేవడానికి ప్రాసెసింగ్ మిల్లుల్లో వాడే ఎంజైము ఆ జాతిదే. ముందు జీన్సుని రాళ్ళతో కలిపి ఉతికేవాళ్ళు.

ఒక పనికొచ్చే మాట ఇక్కడే చెప్తాను, మళ్ళీ మరిచిపోతాను. మానులో తేమ నూటికి ఇరవై పాళ్ళ కన్నా తక్కువ ఉంటే ఈ బూజు లేవలేదు. పత్తికి ఎనిమిదిన్నర అని మనం లెక్క పెట్టుకోలేదూ, అట్లాగే. కాబట్టి మందు కొనే ముందు నీళ్ళు యాడ నుంచి వస్తున్నాయో చూసి ఆపండి. పైన పెయింటు కొట్టి చెవిని కోసేస్తే పోయేది కాదు. నేను పోయిన ఏడు అదే చేసినాను. ఆశారి ఈసారి చూసి, "నాయుడూ, చెవి కోస్తే మనిషి చస్తాడా?" అన్నాడు.

ఇంక ఆల్చిప్ప. దాన్ని చూడగానే పాప అమ్మమ్మ ఎందుకో కొంచేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. మా పెండ్లైన కొత్తలో మా అమ్మ దగ్గర ఒక చిప్ప ఉండేది. వీపు పక్క రాయి మీద అరగదీసి బొక్క చేసి, ఆ బొక్క అంచుతో మామిడికాయ చెక్కు తీసేది. ఊరగాయ పెట్టే నాడు అదే కత్తిపీట కన్నా ముందు బయటికి వచ్చేది. మనవాళ్ళు ఆ పక్క నుంచి ఈ కరిసల్ భూమికి వచ్చి ఎన్ని వందల ఏళ్ళైందో, చిప్పతో చెక్కు తీసే అలవాటు మాత్రం వదల్లేదు. ఆంధ్రాలో కూడా అట్లే చేస్తారని తరవాత తెలిసింది. ఇడైసేవల్ కి.రా. గారు ఈ పక్క మాటలన్నీ ఏరి నిఘంటువు కట్టినాడు. ఇట్లాంటి వంటింటి సామాన్లు కూడా ఎవరైనా ఒక పట్టీ రాస్తే బాగుంటుంది, మన మాసపత్రికలోనే.

ఆల్చిప్పకి తల లేదు. రెండు పెంకులు, వాటిని మూసే రెండు కండలు, ఒక నాలుక మాదిరి కాలు. బురదలో సగం దిగి కూర్చుంటుంది. వెనక పక్క రెండు సందులు. ఒక సందులో నీళ్ళు లోపలికి పోతాయి, రెండో సందులో బయటికి వస్తాయి. మధ్యలో మొప్పలు. చేపకి మొప్పలు ముఖ్యంగా ఊపిరి తీసేదానికి. దీనికి ఊపిరీ అవే, జల్లెడా అవే. నీళ్ళలోని నాచు, సన్న మురికి ఆ మొప్పల మీద పట్టుకుంటాయి. తినేదాన్ని నోటికి పంపిస్తుంది, పనికిరానిదాన్ని జిగురులో చుట్టి పక్కన పారేస్తుంది.

ఇది నమ్మలేక పాప ఒక పని చేసింది. రెండు గాజు సీసాల్లో కమ్మాయి పచ్చనీళ్ళు పోసి, ఒకదాంట్లో ఆల్చిప్పని పెట్టింది. రెండోది ఊరికే. పొద్దున లేచి చూస్తే ఆల్చిప్ప ఉన్న సీసాలో నుంచి వెనక క్యాలెండరు తేదీలు చదవొచ్చు. రెండోది పచ్చగానే ఉంది. అడుగున కొంచెం మురికి ఉండలు పడి ఉన్నాయి. "తాతా, ఇది బ్లోరూము ఫిల్టరు" అనింది. మా బ్లోరూములో అంత మంచి ఫిల్టరు ఉంటే, అనుకున్నాను. పైకి అనలేదు.

"నడవకూడదు" అన్న షరతు దగ్గర కొంచెం పేచీ వచ్చింది. గిన్నెలో బురద పోసి పెడితే ఆల్చిప్ప రాత్రంతా కాలు చాపి, లాక్కొని, జానెడు గీత గీసింది. పాప ఏడుపు మొహం పెట్టింది. నేను చెప్పినాను, నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాయి, టీచరమ్మ ఏమీ అనదు అని.

పిల్లల్ని పంపే తీరు మాత్రం రెండింటికీ దగ్గర దగ్గర. తాము కదలవు, పిల్లల్ని ఎవరో ఒకరి భుజం మీద ఎక్కిస్తాయి. పుట్టగొడుగు పొడి గాలిలో పోతుంది. ఆల్చిప్ప తల్లి మొప్పల్లోనే గుడ్లు పిల్లలౌతాయి. కంటికి ఆననంత పిల్లలు. బయటికి వచ్చి చేప మొప్పనో రెక్కనో పట్టుకొని, కొన్నాళ్ళు దాని మీదే ఉండి, ఇంకో చోట రాలిపోయి బతుకు మొదలు పెడతాయి. చేపలు లేని కమ్మాయిలో ఆల్చిప్పలూ కరువే. టికెట్టు లేని ప్రయాణం, మన పాసింజరు రైల్లో కుర్రాళ్ళ మాదిరి.

ఇంకో మాట విని నేను ఆశ్చర్యపోయినాను. పుట్టగొడుగుని మనం కూరగాయల లెక్కలో వేస్తాం. సైన్సు వాళ్ళు చెప్పేది, అది చెట్టు కన్నా జంతువుకే దగ్గర చుట్టమని. చెట్టు తిండిని పిండిగా దాచుకుంటుంది. పుట్టగొడుగు, ఆల్చిప్ప, మనం, ముగ్గురమూ గ్లైకోజనుగా దాచుకుంటాం. పుట్టగొడుగు దారం గోడలో కైటిన్ అనే సరుకు ఉంది, రొయ్య పొట్టులో ఉండేది. ఆల్చిప్ప పెంకు చాలావరకు సున్నపు సరుకే, అయినా పొరల మధ్య ఆ కైటిన్ ఉంది. ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ముల ఇళ్ళల్లో ఒకే రకం చెంబు ఉన్నట్టు.

మన మిల్లు జనానికి ఆల్చిప్పతో ఇంకో సంబంధం ఉంది. చొక్కా గుండీ. జర్మనీ నుంచి అమెరికా పోయిన జాన్ బోపుల్ అనే ఆయన 1891లో మిసిసిపీ నది ఒడ్డున మస్కటీన్ అనే ఊళ్ళో నది ఆల్చిప్పల నుంచి గుండీలు కోసే ఫ్యాక్టరీ పెట్టినాడు. 1905 నాటికి ఆ ఒక్క ఊరే ఏడాదికి నూటయాభై కోట్ల గుండీలు చేసింది, ప్రపంచంలోని గుండీల్లో మూడో వంతు పైన. కోత పనిలో తెల్లటి చిప్ప పొడి. ఆడపిల్లలు చాలామంది పని చేసేవాళ్ళు. 1911లో అక్కడ పెద్ద గొడవ, సమ్మె. అందులో పెర్ల్ మెక్‌గిల్ అని ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల ముందు నిలిచింది. పెర్ల్ అంటే ముత్యం. ఆ పిల్లే మరుసటి ఏడు లారెన్స్ ఊరి బట్టల మిల్లుల సమ్మెకి కూడా పోయింది. బోపుల్ సంగతి వేరే, 1912లో నదిలో చిప్ప కాలికి గుచ్చుకొని, అది చీము పట్టి చనిపోయినాడు. నదిలో చిప్పలు కూడా అట్లే అయిపోయినాయి. తరవాత ప్లాస్టిక్ గుండీ వచ్చింది.

పోలండ్ దేశం రాజధాని వార్సాలో అయితే ఆల్చిప్పలకి ఉద్యోగమే ఇచ్చినారు. ఊరికి నీళ్ళు తీసే చోట ఎనిమిది ఆల్చిప్పలని పెట్టి, పెంకులకి వైరు తగిలించి ఉంచినారు. నీళ్ళలో విషం వస్తే ఆల్చిప్ప టక్కున మూసుకుంటుంది. చాలా చిప్పలు ఒకేసారి మూసుకున్నాయంటే నీళ్ళు తీయడం ఆపేస్తారు. సంగు ఊదక ముందే పని ఆపే కార్మికులు.

అయితే మూసుకునే లోపల పీల్చిందంతా దాని ఒంట్లో ఉండిపోతుంది. సీసం, కాడ్మియం మాదిరివి చేరితే కండలో నిలుస్తాయి. పుట్టగొడుగు దేన్నైనా కరిగించి తింటుంది, మిగిలింది మట్టి అవుతుంది. ఆల్చిప్ప వడగట్టి దాచిపెట్టుకుంటుంది. నాకు ఈ రెండింటి మధ్య తేడా అంటే ఇదే. అందుకే డైయింగ్ నీళ్ళు, ఊరి మురుగు కలిసే చోట చిప్పలు తీసి వండుకోవద్దు. ఎంత ఉడికించినా లోహం పోదు. కౌశికా నది పక్క కాలనీల వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా.

ఆదివారం రాత్రి ఇదంతా రాసి ముగించి పడుకున్నాం. సోమవారం మా అమ్మాయి పగలు షిఫ్టుకి పోయింది. తను కార్డింగ్‌లో ఉంది, పేరు చెప్పను, ఈ పక్క మిల్లే. సాయంత్రం వచ్చి గుమ్మంలో చెప్పులు వదుల్తా దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. రొమ్ము మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టు ఉంటుంది, పిల్లికూతలు వస్తాయి. మంగళవారానికి తగ్గుతుంది, ఆదివారం సెలవులో పూర్తిగా పోతుంది, మళ్ళీ సోమవారం వస్తుంది. "ఎన్నాళ్ళుగా అమ్మా?" అన్నాను. "ఏమీ లేదు నైనా, వాన చల్లదనం" అనింది. నేను కూడా మా అమ్మకి పద్దెనిమిదేళ్ళు అదే చెప్పినాను.

బ్లోరూములో నా పక్కన పనిచేసిన ఒకాయన ఉండేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే తోటివాళ్ళు "పెండ్లికూతురు" అని నవ్వేవాళ్ళు, అందుకని కట్టుకోవడం మానేసినాడు. రిటైరై నాలుగేళ్ళు కూడా తిరగక ముందే, మంచం మీద కూర్చొనే నిద్ర పొయ్యే స్థితి వచ్చి చనిపోయినాడు. ఆయన చీటీల మీద ఎప్పుడూ ఉబ్బసం అనే రాసినారు, బీడీ అలవాటు అని రాసినారు. ఏ చీటీ మీదా పత్తి అనే మాట లేదు. నాకైతే ఒక ముసలి డాక్టరు, మందు రాయక ముందు "ఏమి పని చేసినావు, ఎన్నేళ్ళు, ఏ సెక్షను?" అని అడిగినాడు. అట్లా అడిగినవాడు ఆయనొక్కడే. దాని పేరు బిస్సినోసిస్ అని చెప్పినాడు.

ఈ పేరు పాప లైబ్రరీ పుస్తకం చూస్తా ఉంటే మళ్ళీ ఎదురొచ్చింది. సముద్రపు ఆల్చిప్పల్లో కొన్ని రాతికి దారాలతో కట్టుకొని ఉంటాయి. ఆ దారానికి బిస్సస్ అని పేరు. పాత కాలం గ్రీకువాళ్ళు సన్న నారబట్టకి వాడిన మాట అది. అదే మాట నుంచి పత్తి దుమ్ము జబ్బుకీ పేరు పెట్టినారు. మన కమ్మాయి చిప్ప పెద్దదైనాక ఆ దారం తీయదు. కానీ చదవగానే నేను పుస్తకం మూసి కొంచేపు బయట కూర్చున్నాను.

అందుకని అమ్మాయితో కొంచెం గట్టిగానే మాట్లాడినాను. ఈ జబ్బు మొదట్లో పట్టుకుంటే, దుమ్ము లేని సెక్షనుకి మారితే తగ్గుతుంది. ఏళ్ళు గడిచినాక తగ్గేది కాదు, నన్ను చూడు. చట్టం ప్రకారం ఇది మిల్లువాళ్ళు, డాక్టర్లు తెలియజేయాల్సిన జబ్బుల పట్టీలో ఉంది. పని వల్ల వచ్చే జబ్బుల పట్టీలో కూడా ఉంది. అందుకని డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి: ఇన్నేళ్ళు కార్డింగ్, ఇన్నేళ్ళు బ్లోరూము, దగ్గు సోమవారం ఎక్కువ. ఆ సోమవారం అనే మాట ముఖ్యం. గొట్టంలో ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష ఉంది, దాన్ని వారం మొదటి రోజు షిఫ్టుకి ముందు ఒకసారి, షిఫ్టు అయినాక ఒకసారి చేస్తే తేడా తెలుస్తుంది. సెలవు రోజు ఒక్కసారి ఊదించి బాగుంది అంటే నమ్మొద్దు. తువ్వాలు కన్నా సరైన మాస్కు మేలు, మాస్కు కన్నా మిషను దగ్గర దుమ్ము లాగే సక్షను సరిగా పనిచెయ్యడం మేలు. సక్షను పాడైందని ఒక్కరు చెప్తే సూపర్‌వైజరుకి కోపం వస్తుంది, పదిమంది కలిసి రాసిస్తే ఆయన కూడా పైకి పంపాల్సిందే.

తను వింటా ఉంది, వడియాలు తీస్తా ఉంది. "సెక్షను మారిస్తే అటెండెన్సు ఇన్సెంటివు పోతుంది నైనా" అనింది. ఎంత అని అడిగితే చెప్పింది. చిన్న మొత్తం కాదు. పాప ఫీజు దాంట్లో నుంచే కడుతున్నారు. నాకు వెంటనే జవాబు రాలేదు. అల్లుడు తల దించుకొని కూర్చున్నాడు. చివరికి పాపే అనింది, "అమ్మా, చెక్కు చేసి చూసుకో ముందు. మార్చేది తరవాత."

నేను అక్కడే ఇంకో వారం ఉండిపోయినాను. తరవాతి సోమవారం పొద్దున్నే అమ్మాయి షిఫ్టుకి ముందు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి తీసుకుపోయినాను. టోకెను ముప్పై ఒకటి. ఊపిరి కొలిచే మిషను అక్కడ లేదు, పెద్దాసుపత్రికి రాసి ఇచ్చినారు. చీటీ మీద "కార్డింగ్, పదకొండేళ్ళు" అని రాయమని నేను రెండుసార్లు అడిగినాను. రెండోసారికి రాసినారు. ఆ చీటీ నా దగ్గరే పెట్టుకున్నాను, జిరాక్సు తీయించి.

పాపకి పోలిక పాఠంలో ఇరవైకి పదిహేడు వచ్చింది. ఆల్చిప్ప నడిచింది అని రాసినందుకు మార్కులు తగ్గించలేదు. మూడు తగ్గింది చేతిరాతకి. చెవిని బడిలోనే ఉంచుకున్నారు. ఆల్చిప్పలని సాయంత్రం కమ్మాయిలో వదిలేదానికి పోయినాం, నీళ్ళు మోకాలి దాకా దిగి వదిలినాడు అల్లుడు. నేను గట్టు మీదే నిలబడినాను, దిగి ఎక్కేదానికి ఊపిరి చాలదని.

ద్వారబంధం పని వచ్చే నెల. ఆశారి వేపమాను వద్దు, కింద రెండడుగులు సిమెంటు దిమ్మె కట్టి పైన పెడదాం అంటున్నాడు. మీలో ఎవరైనా అట్లా చేయించి ఉంటే, నిలిచిందో లేదో పత్రికకి ఒక కార్డు రాయండి.